ఒకే హోమ్ డైరెక్టరీ, ఒకే సర్వర్. అయినా ఒక్కో వర్క్‌స్టేషన్ ఒక్కో చోట వెతుకుతోంది, ఎందుకు?

ప్రశ్న

నమస్కారం. నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ విభాగపు కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. మా దగ్గర 36 లినక్స్ వర్క్‌స్టేషన్లు ఉన్నాయి. వాటిలో 24 పాత యంత్రాల్లో ఉబుంటు 22.04, ఈ వేసవిలో వచ్చిన 12 యంత్రాల్లో ఉబుంటు 24.04 నడుస్తున్నాయి. విద్యార్థుల హోమ్ డైరెక్టరీలు ఎన్‌ఎఫ్‌ఎస్ (మరో యంత్రంలోని డైరెక్టరీని నెట్‌వర్క్ మీదుగా ఇక్కడిదే అన్నట్లు చూపే పద్ధతి) ద్వారా ఫైల్ సర్వర్ నుంచి వస్తాయి కాబట్టి ఎవరు ఏ యంత్రం ముందు కూర్చున్నా వారి ఫైళ్లు వారికి కనిపిస్తాయి. సర్క్యూట్ సిమ్యులేటరూ దాని అనుబంధ ప్రోగ్రాములూ ఇంతకుముందు మరో పాత సర్వర్‌లో ‘/ల్యాబ్‌సాఫ్ట్’ అనే పేరుతో ఉండేవి. రెండు వారాల క్రితం వాటన్నిటినీ కొత్త సర్వర్‌లోని ‘/టూల్స్’ కిందికి కాపీ చేసి, అన్ని యంత్రాల్లోనూ, ఏ డైరెక్టరీని ఎక్కడినుంచి తెచ్చి జోడించాలో రాసి ఉండే ‘/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైల్‌లో పాత వరుసను తీసివేసి కొత్త వరుస చేర్చి, పాత సర్వర్‌ను ఆపివేశాను. అప్పటి నుంచి నాలుగు రకాల ఇబ్బందులు వస్తున్నాయి.

మొదటిది, కొన్ని పాత యంత్రాల్లో కమాండ్ పేరు ఒక్క అక్షరం తప్పు కొట్టినా టెర్మినల్ బిగుసుకుపోతుంది. ట్యాబ్ కీ నొక్కినా అంతే. కంట్రోల్-సి పనిచేయదు. కానీ ‘ఎల్‌ఎస్’, ‘జీసీసీ’ వంటి మామూలు కమాండ్లు క్షణంలో నడుస్తాయి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులకైతే లాగిన్ కూడా పూర్తి కావడం లేదు. అదే విద్యార్థి పక్క యంత్రంలో కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

రెండవది, మొన్న సోమవారం నేను సిమ్యులేటర్‌ను ‘/టూల్స్/బిన్’ నుంచి ‘/టూల్స్/సిమ్/బిన్’ లోకి మార్చాను. ఈ రెండు డైరెక్టరీలూ పాత్‌లో (కమాండ్ల కోసం వెతకాల్సిన డైరెక్టరీల జాబితాలో) ముందునుంచే ఉన్నాయి. అయినా కొందరికి ‘/టూల్స్/బిన్’ లో ఫైల్ లేదన్న సందేశమే వస్తోంది. కొత్త టెర్మినల్ తెరిస్తే పనిచేస్తుంది.

మూడవది, తరంగరూపాలు చూపే పాత ప్రోగ్రాము ఒకటి ఉంది. కొత్త 12 యంత్రాల్లో దానిని నడిపితే ‘నడపడం కుదరదు, అవసరమైన ఫైల్ దొరకలేదు’ అని వస్తుంది. ఫైల్ అక్కడే ఉంది, నడిపే అనుమతి ఉంది, పూర్తి పాత్ (ఫైల్ ఉన్న చోటి పూర్తి చిరునామా) ఇచ్చినా అదే మాట.

నాలుగవది, మా అధ్యాపకులు రాసిన ఒక పైథాన్ స్క్రిప్టు కొత్త యంత్రాల్లో ఎవరికీ నడవదు. పాత యంత్రాల్లో కొందరికి నడుస్తుంది, కొందరికి నడవదు. నంపైలో (పైథాన్‌లో లెక్కలకు వాడే లైబ్రరీలో) ‘ఫ్లోట్’ అనే పేరు లేదని లోపం చూపిస్తుంది.

నెట్‌వర్క్ కేబుళ్లు, స్విచ్, కొత్త సర్వర్ మీది భారం అన్నీ పరీక్షించాను, వాటిలో లోపం కనిపించలేదు. రెండు యంత్రాల్లో ఉబుంటును మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. వాటిలో మొదటి ఇబ్బంది పోయింది కానీ కారణం నాకు అర్థం కాలేదు. 34 యంత్రాలకూ అలా చేసే వ్యవధి లేదు, వచ్చే వారం నుంచి ప్రాక్టికల్ పరీక్షలు. ఒక యంత్రం ఫైల్ కోసం ఎక్కడెక్కడ వెతుకుతోందో కళ్లారా చూసే పద్ధతి ఎవరైనా చెప్పగలరా?

మొదటి సమాధానం

మళ్లీ ఎక్కించిన యంత్రాల్లో ఇబ్బంది పోయిందన్న మీ మాటలోనే జవాబు ఉంది. అక్కడ పనిచేసింది రీఇన్‌స్టాల్ కాదు, రీబూట్ అని నేను గట్టిగా అనుకుంటున్నాను.

‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ను మార్చినంత మాత్రాన అప్పటికే మౌంట్ అయి (యంత్రానికి జోడించబడి) ఉన్న డైరెక్టరీ దానంతట అది ఊడిపోదు. ఆ ఫైల్‌ను బూట్ సమయంలోనో, మీరు మౌంట్ ఆదేశం ఇచ్చినప్పుడో మాత్రమే చదువుతారు. కాబట్టి పాత సర్వర్ ఆగిపోయాక రీబూట్ కాని యంత్రాల కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) ‘/ల్యాబ్‌సాఫ్ట్’ ఇంకా మౌంట్ అయ్యే ఉంది, అయితే అవతల బదులు పలికే సర్వర్ లేదు. టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ చదివే, విద్యార్థుల ‘.బాష్‌ఆర్‌సీ’ ఫైళ్లలో ‘/ల్యాబ్‌సాఫ్ట్/బిన్’ ను పాత్ చివర చేర్చే వరుస ఇంకా ఉండి ఉంటుంది. బాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లను నడిపే షెల్) ఒక కమాండ్ కోసం పాత్‌లోని డైరెక్టరీలను ఎడమనుంచి కుడికి ఒక్కొక్కటిగా చూస్తుంది, దొరికిన చోట ఆగిపోతుంది. ‘ఎల్‌ఎస్’ ముందుగానే దొరుకుతుంది కాబట్టి వెతుకులాట చివరిదాకా పోదు. తప్పు పేరు ఎక్కడా దొరకదు కాబట్టి చివరి డైరెక్టరీదాకా వెళ్లి, అక్కడ చనిపోయిన సర్వర్ జవాబు కోసం నిలబడిపోతుంది. ట్యాబ్ నొక్కినప్పుడు సరిపోయే పేర్లన్నీ పోగు చేయాలి గనుక పాత్‌లోని ప్రతి డైరెక్టరీనీ తెరవక తప్పదు. లాగిన్ కాలేకపోతున్న విద్యార్థులు ఆ డైరెక్టరీని చివర కాక మొదట చేర్చుకుని ఉంటారు; వారి ‘.బాష్‌ఆర్‌సీ’ లోని మొట్టమొదటి బయటి కమాండ్ దగ్గరే అంతా ఆగిపోతుంది.

రీబూట్ అయిన యంత్రంలోనూ పాత్‌లో అదే వరుస ఉంటుంది. కానీ అక్కడ ‘/ల్యాబ్‌సాఫ్ట్’ ఉత్త ఖాళీ డైరెక్టరీ. లేదన్న జవాబు వెంటనే వస్తుంది, వెతుకులాట ముందుకు సాగుతుంది. పాత్ రాసి ఉన్న ఫైల్ సర్వర్ మీద ఉండి అందరికీ ఒకటే, మౌంట్ల పట్టిక మాత్రం ఏ యంత్రానిది ఆ యంత్రానిదే. ఒకే విద్యార్థికి పక్కపక్క యంత్రాల్లో రెండు రకాల అనుభవం కలగడానికి కారణం ఇదే.

దీనిని నిర్ధారించుకునేందుకు, డిస్కుల్లో ఖాళీ ఎంతుందో చూపే ‘డీఎఫ్’ కమాండ్ వాడకండి. అది ప్రతి మౌంట్‌నూ పలకరిస్తుంది గనుక అదీ బిగుసుకుపోతుంది. ‘/ప్రాక్/మౌంట్స్’ అనే ఫైల్‌ను చదవండి; అది కెర్నెల్ తనకు తెలిసినది చెప్పడమే, సర్వర్ దాకా వెళ్లదు. అందులో ‘/ల్యాబ్‌సాఫ్ట్’ వరుస కనిపిస్తే నా అనుమానం నిజం. కెర్నెల్ లాగ్‌లో ఆ సర్వర్ స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాము అనే అర్థం వచ్చే సందేశం కూడా ఉంటుంది. ‘పీఎస్’ తో చూస్తే చిక్కుకున్న ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) ‘డి’ స్థితిలో, అంటే జవాబు కోసం ఎదురుచూస్తూ కనిపిస్తాయి. కంట్రోల్-సి పనిచేయకపోవడానికి కారణం కూడా అదే: ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే మౌంట్ ‘హార్డ్’ పద్ధతిలో ఉంటుంది, అంటే సర్వర్ తిరిగి వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. అలా నిలిచిన ప్రాసెస్ మామూలు సిగ్నళ్లను పట్టించుకోదు.

యంత్రం ఎక్కడ వెతుకుతోందో కళ్లారా చూడాలని అడిగారు. దానికి ‘ఎస్‌ట్రేస్’ ను మించినది నాకు తెలియదు. ఫైళ్లకు సంబంధించిన సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రాము కెర్నెల్‌కు చేసే అభ్యర్థనలను) మాత్రమే చూపమని చెప్పి, ‘ఎఫ్’ గుర్తుతో పిల్ల ప్రాసెస్‌లను కూడా వెంబడించమని, పెద్ద ‘టి’ గుర్తుతో ఒక్కో కాల్‌కు పట్టిన సమయం రాయమని చెప్పి, బాష్ చేత లేని కమాండ్ ఒకటి నడిపించండి. పాత్‌లోని ప్రతి డైరెక్టరీ వరుసగా తెర మీదికి వస్తుంది. ‘ఈనోయెంట్’ అన్నది అక్కడ ఫైల్ లేదని వచ్చిన ఆరోగ్యకరమైన జవాబు. ఏ వరుస మధ్యలో ఆగిపోయి జవాబు రాకుండా ఉందో అదే దోషి.

విరుగుడు చెబుతాను. రీబూట్ కుదరని చోట ‘యూమౌంట్’ కు ‘ఎల్’ గుర్తు ఇచ్చి ‘/ల్యాబ్‌సాఫ్ట్’ ను విడదీయండి. అప్పుడు కొత్త వెతుకులాటలు దాని జోలికి పోవు, అప్పటికే చిక్కుకున్న ప్రాసెస్‌లు మాత్రం అలాగే ఉండవచ్చు. ఇక మీదట ఇలా జరగకూడదని మౌంట్లన్నిటినీ ‘సాఫ్ట్’ (కొంతసేపు అడిగి లోపంతో వదిలేసే పద్ధతి) చేయాలని మీకు అనిపించవచ్చు. దయచేసి హోమ్ డైరెక్టరీలకు ఆ పని చేయకండి. సర్వర్ కాసేపు తడబడితే రాస్తున్న ఫైల్ మధ్యలో లోపంతో తెగిపోతుంది, ఆ లోపాన్ని సరిగా గమనించని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. విద్యార్థి రికార్డు సగం రాసి పోవడం కంటే తెర బిగుసుకుపోవడమే మేలు. చదవడానికి మాత్రమే వాడే ‘/టూల్స్’ కు ‘సాఫ్ట్’ పెట్టుకోవచ్చు. అక్కడ పోయేదేమీ లేదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండవ, మూడవ ఇబ్బందుల గురించి రాస్తాను. రెండు సందేశాలూ ఫైల్ లేదనే చెబుతున్నా కారణాలకు పొంతన లేదు.

సిమ్యులేటర్ విషయంలో దారి తప్పిస్తున్నది బాష్ జ్ఞాపకం. ఒకసారి దొరికిన కమాండ్ పూర్తి పాత్‌ను బాష్ తన హ్యాష్ పట్టికలో రాసుకుంటుంది, మరుసటిసారి వెతకకుండా నేరుగా అక్కడికే వెళుతుంది. పాత్ చలరాశిని మార్చి ఉంటే ఆ పట్టిక దానంతట అదే చెరిగిపోయేది. మీరు పాత్ మార్చలేదు, ఫైల్‌ను మాత్రం కదిలించారు. ఆ కబురు తెరిచి ఉన్న టెర్మినల్‌కు అందలేదు. ‘హ్యాష్’ కమాండ్‌కు ‘ఆర్’ గుర్తు ఇస్తే పట్టిక ఖాళీ అవుతుంది. అంతకన్నా ముందు ‘టైప్’ కమాండ్‌తో సిమ్యులేటర్ పేరు అడిగి చూడండి, అది హ్యాష్ అయి ఉందని పాత చోటుతో సహా చెబుతుంది. ఇక్కడ ‘విచ్’ కమాండ్‌ను నమ్మకండి. అది బయటి ప్రోగ్రాము, మీ షెల్ మనసులో ఏముందో దానికి తెలియదు. పాత్‌ను కొత్తగా వెతికి సరైన చోటే చూపించి మిమ్మల్ని మరింత అయోమయంలో పడేస్తుంది. నేను ఒకప్పుడు ఈ తేడా తెలియక ఒక మధ్యాహ్నమంతా సర్వర్‌ను అనుమానించాను.

ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటు కూడా కొంత గుర్తు పెట్టుకుంటుంది. డైరెక్టరీల వివరాలను సాధారణంగా 30 నుంచి 60 సెకన్ల వరకు, ఫైళ్ల వివరాలను 3 నుంచి 60 సెకన్ల వరకు సర్వర్‌ను మళ్లీ అడగకుండా వాడుకుంటుంది. ఒక పేరు లేదు అన్న జవాబును కూడా ఇలాగే దాచుకుంటుంది. కాబట్టి సర్వర్ మీద ఫైల్ పెట్టిన వెంటనే ఏదో యంత్రంలో కనబడకపోతే కంగారు పడకుండా ఒక నిమిషం ఆగి చూడాలి. నిమిషం దాటినా పాత చోటికే వెళుతుంటే అది ఎన్‌ఎఫ్‌ఎస్ కాదు, హ్యాష్.

తరంగరూపాల ప్రోగ్రాము సంగతి వేరు. ఫైల్ కళ్లెదుటే ఉన్నా ఫైల్ దొరకలేదు అంటున్నప్పుడు, లేనిది ఆ ఫైల్ కాదు, దానిని నడిపించే మరో ఫైల్. లినక్స్‌లో నడిచే ప్రోగ్రాము తనకు ఏ లోడర్ (ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను వెతికి జతచేసేది) కావాలో తన లోపలే పూర్తి పాత్‌తో రాసుకుని ఉంటుంది. ఆ లోడర్ యంత్రంలో లేకపోతే కెర్నెల్ ‘ఈనోయెంట్’ తిప్పి పంపుతుంది, షెల్ దానిని ప్రోగ్రాము పేరు మీదే ప్రకటిస్తుంది. పాత ప్రోగ్రాము అన్నారు కాబట్టి అది 32 బిట్లదై ఉండవచ్చు. పాత 24 యంత్రాల్లో ఎవరో ఎప్పుడో 32 బిట్ల లైబ్రరీలు ఎక్కించి ఉంటారు, కొత్తవాటిలో ఎక్కించి ఉండరు. ‘ఫైల్’ అనే కమాండ్‌కు ఆ ప్రోగ్రాము పేరు ఇస్తే ఎన్ని బిట్లదో, ఏ లోడర్ కోరుతోందో చెబుతుంది. ఆ లోడర్ యంత్రంలో ఉందో లేదో చూసుకోవడం ఒక్క క్షణం పని. అది ప్రోగ్రాము కాక స్క్రిప్టు అయితే మొదటి వరుసలో రాసిన ఇంటర్‌ప్రెటర్ పాత్‌ను చూడండి. ‘/ల్యాబ్‌సాఫ్ట్’ తో మొదలయ్యే పాత్ ఏదైనా అక్కడ మిగిలి ఉండవచ్చు.

మీ విద్యార్థుల ‘.బాష్‌ఆర్‌సీ’ లో లైబ్రరీలకు సంబంధించిన వరుసలు ఏమైనా ఉన్నాయా? ఉంటే వాటిని కూడా ఇక్కడ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ‘/ప్రాక్/మౌంట్స్’ చూశాను. రీబూట్ కాని 19 యంత్రాల్లో ‘/ల్యాబ్‌సాఫ్ట్’ వరుస ఉంది. సరిగ్గా ఆ 19 యంత్రాలే బిగుసుకుపోతున్నవి. విడదీసిన మరుక్షణం తప్పు కమాండ్‌కు వెంటనే జవాబు వచ్చింది. హ్యాష్ విషయం కూడా మీరు చెప్పినట్లే తేలింది. తరంగరూపాల ప్రోగ్రాము 32 బిట్లదే. కొత్త యంత్రాల్లో 32 బిట్ల ఆర్కిటెక్చర్‌ను చేర్చి అవసరమైన లైబ్రరీలు ఎక్కించాక నడుస్తోంది.

లైబ్రరీల గురించి అడిగారు. మేము ఇచ్చిన నమూనా ‘.బాష్‌ఆర్‌సీ’ లో ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ చలరాశికి ‘/టూల్స్/సిమ్/లిబ్’, ఒక కోలన్, ఆ తరువాత అదే చలరాశి పాత విలువ కలిపి ఇచ్చే వరుస ఉంది. అందరూ దానినే కాపీ చేసుకున్నారు. ఈమధ్య సిమ్యులేటర్‌తో సంబంధం లేని ఒకటి రెండు ప్రోగ్రాములు సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ వెర్షన్ దొరకలేదని ఆగిపోతున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా? పైథాన్ ఇబ్బంది ఇంకా అలాగే ఉంది.

మూడవ సమాధానం

సంబంధం ఉంది, అది రెండు విధాలుగా ఉంది.

సిమ్యులేటర్ తయారీదారులు తమ ప్రోగ్రాము ఏ యంత్రంలోనైనా నడవాలని తమకు కావలసిన లైబ్రరీలను తామే వెంట ఇస్తారు. వాటిలో సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ పాత కాపీ కూడా ఉండడం చాలా మామూలు. ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ లో ఉన్న డైరెక్టరీని డైనమిక్ లోడర్ సిస్టమ్ డైరెక్టరీల కంటే ముందు చూస్తుంది. ఆ చలరాశి షెల్‌లో అందరికీ వర్తించేలా ఉంది గనుక మీ సిస్టమ్‌లోని ఇతర ప్రోగ్రాములు కూడా తమ సొంత కొత్త లైబ్రరీ వదిలి ఆ పాత కాపీని పట్టుకుంటున్నాయి. ‘ఎల్‌డీ డీబగ్’ చలరాశికి ‘లిబ్స్’ అనే విలువ ఇచ్చి ఆగిపోతున్న ప్రోగ్రామును నడిపితే, లోడర్ ప్రతి లైబ్రరీని ఎక్కడెక్కడ వెతికి ఎక్కడ తీసుకుందో వరుసగా రాస్తుంది.

రెండవది ఆ కోలన్. పాత విలువ ఖాళీగా ఉన్నప్పుడు కోలన్ తరువాత ఏమీ మిగలదు. ఆ ఖాళీకి లోడర్ దృష్టిలో అర్థం ‘ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ’. అంటే విద్యార్థి తన హోమ్‌లో నిలబడి ఏ ప్రోగ్రాము నడిపినా, లోడర్ దానికి కావలసిన లైబ్రరీల కోసం నెట్‌వర్క్ మీదున్న ఆ డైరెక్టరీని కూడా తడుముతుంది. ఇది ఆలస్యానికి మాత్రమే కాదు, ప్రమాదానికీ దారి. ఎవరైనా అందరూ రాయగల డైరెక్టరీలో ఒక లైబ్రరీ పేరుతో ఫైల్ పెట్టి వదిలితే, అక్కడ నిలబడి ప్రోగ్రాము నడిపిన వారందరూ దానిని నడిపినట్లే. పాత్ చలరాశిలో ఖాళీ భాగానికీ ఇదే అర్థం ఉంది.

కోలన్‌ను పాత విలువ ఉన్నప్పుడు మాత్రమే చేర్చేలా రాసే పద్ధతి బాష్‌లో ఉంది. కానీ నా సలహా ఆ వరుసను ‘.బాష్‌ఆర్‌సీ’ నుంచి పూర్తిగా తీసివేయమని. ‘/టూల్స్/బిన్’ లో సిమ్యులేటర్ పేరుతోనే ఒక చిన్న షెల్ స్క్రిప్టు పెట్టండి. అది ఆ చలరాశిని తన వరకు మాత్రమే అమర్చి, తరువాత అసలు ప్రోగ్రామును పూర్తి పాత్‌తో పిలవాలి. పాత్‌లో ‘/టూల్స్/బిన్’ అసలు ప్రోగ్రాము ఉన్న డైరెక్టరీ కంటే ముందు ఉండేలా చూసుకోండి, లేదా ఆ రెండవ డైరెక్టరీని పాత్ నుంచి తొలగించండి. అప్పుడు సిమ్యులేటర్ లైబ్రరీలు సిమ్యులేటర్‌కే పరిమితమవుతాయి.

ఇక పైథాన్. నంపైలో ‘ఫ్లోట్’ అనే మారుపేరును వాడవద్దని 1.20 వెర్షన్ నుంచి హెచ్చరిస్తూ వచ్చి, 1.24 లో తీసివేశారు. ఉబుంటు 22.04 తో వచ్చే నంపై 1.21, 24.04 తో వచ్చేది 1.26. కొత్త యంత్రాల్లో స్క్రిప్టు ఎవరికీ నడవకపోవడం అందువల్లే. పాత యంత్రాల్లో కొందరికే ఆగిపోవడానికి కారణం వారి హోమ్ డైరెక్టరీలోనే ఉంది. పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే ‘పిప్’ తో సొంతానికి ఎక్కించుకున్నవి హోమ్‌లోని ‘.లోకల్’ కింద పైథాన్ వెర్షన్ పేరుతో ఉన్న డైరెక్టరీలో చేరతాయి, పైథాన్ దానిని సిస్టమ్ ప్యాకేజీల కంటే ముందు చూస్తుంది. హోమ్ నెట్‌వర్క్ మీద ఉంది కాబట్టి ఒక యంత్రంలో ఎక్కించినది పైథాన్ 3.10 ఉన్న మీ 24 యంత్రాల్లోనూ వర్తిస్తుంది, 3.12 ఉన్న 12 యంత్రాల్లో కనిపించనే కనిపించదు. ఇబ్బంది పడుతున్న విద్యార్థులు ఎప్పుడో కొత్త నంపై ఎక్కించుకుని మరచిపోయి ఉంటారు. పైథాన్‌లో నంపైని దిగుమతి చేసుకుని దాని ‘ఫైల్’ లక్షణాన్ని ముద్రిస్తే ఏ డైరెక్టరీ నుంచి వచ్చిందో తెలుస్తుంది. పైథాన్‌ను చిన్న ‘ఎస్’ గుర్తుతో నడిపితే సొంత డైరెక్టరీని వదిలేస్తుంది. అలా నడిచిందంటే కారణం రుజువైనట్లే.

స్క్రిప్టులో ఆ పేరు బదులు పైథాన్ సొంత ‘ఫ్లోట్’ ను వాడితే అన్ని యంత్రాల్లోనూ నడుస్తుంది, మార్పు ఒక్క పదమే. అధ్యాపకులను ఒప్పించి అది చేయించండి. విద్యార్థుల ‘.లోకల్’ డైరెక్టరీలను మాత్రం మీరు తుడిచివేయకండి. వారి ప్రాజెక్టులు వాటి మీద ఆధారపడి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురూ చెప్పినవన్నీ ఈ రోజు చేశాను. ‘ఎల్‌డీ డీబగ్’ తో చూస్తే మీరన్నట్లే ఆగిపోయే ప్రోగ్రాము ‘/టూల్స్/సిమ్/లిబ్’ నుంచి పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని తీసుకుంటోంది. చిన్న స్క్రిప్టు పెట్టి, ‘/టూల్స్/సిమ్/బిన్’ ను పాత్ నుంచి తీసివేసి, నమూనా ‘.బాష్‌ఆర్‌సీ’ నుంచి లైబ్రరీ వరుస తొలగించాను. విద్యార్థుల సొంత ఫైళ్లను నేను తాకలేదు; ఏ వరుసలు తీసివేయాలో రాసి ల్యాబ్ తలుపు పక్కన అంటించాను. అధ్యాపకులు స్క్రిప్టులో ఆ పదాన్ని నా ఎదుటే మార్చారు, 36 యంత్రాల్లోనూ నడిచింది.

ఒక్క సందేహం మిగిలింది. నేను నా గదిలోని యంత్రం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (మరో యంత్రంలో కమాండ్లు నడిపే సాధనం) ద్వారా ఒక్కో వర్క్‌స్టేషన్‌లో సిమ్యులేటర్‌ను నేరుగా పిలిస్తే కమాండ్ దొరకలేదని వస్తోంది. లాగిన్ అయ్యి పిలిస్తే దొరుకుతోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఉబుంటు ఇచ్చే ‘.బాష్‌ఆర్‌సీ’ మొదటి వరుసల్లోనే ఒక పరీక్ష ఉంటుంది: మనిషి ఎదురుగా కూర్చుని వాడే షెల్ కాకపోతే అక్కడే వెనుదిరుగుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు కమాండ్‌ను జోడించి పంపినప్పుడు అలాంటి షెల్ కాదు కాబట్టి, కింద మీరు రాసిన పాత్ వరుస దాకా చదవడమే జరగదు. మీ తనిఖీల కోసం సిమ్యులేటర్‌ను ‘/టూల్స్/బిన్’ తో మొదలయ్యే పూర్తి పాత్‌తో పిలవండి, సరిపోతుంది. అందరికీ వర్తించాలంటే ప్రతి యంత్రంలోనూ ‘/ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్’ ఫైల్‌లోని పాత్‌కు ‘/టూల్స్/బిన్’ ను చివర చేర్చవచ్చు. చివర అన్న మాట ముఖ్యం: రేపు కొత్త సర్వర్ ఆగినా సిస్టమ్ కమాండ్లు దానికంటే ముందే దొరుకుతాయి, మీరు లోపలికి వెళ్లి సరిచేయగలుగుతారు. ఆ ఫైల్ షెల్ స్క్రిప్టు కాదు కాబట్టి చలరాశులను డాలర్ గుర్తుతో రాస్తే విలువ రాదు, పాత్ మొత్తం విడమరచి రాయాలి. ముందు ఒక్క యంత్రంలో చేసి, ఉన్న సెషన్ మూయకుండా రెండవ సెషన్‌లో లాగిన్ అయి చూసుకున్న తరువాతే మిగతా 35 యంత్రాలకు పంపండి.